దీనమ్మ ఎవరితో మాట్లాడింది

నోరిచ్చిన దేవునికి స్తోత్రం. నోటిలో మాట పుట్టించిన దేవునికి స్తోత్రం. పుట్టిన మాటను మింగేసిన నాలాంటి వాళ్ళను కూడా ఇంకా ఈ నేలమీద నడవనిస్తున్నందుకు స్తోత్రం.

స్తోత్రంతో మొదలుపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. ఊళ్ళో వాక్యం చెప్పే ఉపదేశి కూతుర్ని. అయితే ఈసారి ఆ మూడు వాక్యాలు రాసి చాలాసేపు ఆగిపోయాను. స్తోత్రం వెనక దాక్కోవడం కూడా నాకు అలవాటే కదా అనిపించింది.

ఏళ్ళ తరబడి ఒక మాట గొంతులో ఇరుక్కుని ఉంది. మిరపగింజ అడ్డం పడినట్టు. దగ్గితే రాదు, మింగితే దిగదు. ఆ మంటతోనే పాటలు పాడాను, పిల్లలకు వాక్యం నేర్పాను, ప్రభువు బల్ల దగ్గర మోకరించి రొట్టె అందుకున్నాను. రొట్టె మాత్రం గొంతు దిగింది. ఎలా దిగిందో ఇప్పటికీ అర్థం కాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఊరు పర్చూరుకు దగ్గరే. నల్లరేగడి నేల. పత్తి, మిరప, పొగాకు. సాగర్ కాలవ నీళ్ళు రాకముందు సంగతి ఇది. అప్పుడు మా మిషను బడిలో గుడి వెనక వసారాలో ఒక తరగతి ఉండేది. మామూలు తరగతిలో కూర్చోలేని పిల్లల కోసం పెట్టింది. చెవులు వినపడనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, ఎంత చెప్పినా అక్షరం పట్టుబడనివాళ్ళు. ఊళ్ళో దాన్ని వెర్రిబాగుల బడి అనేవాళ్ళు. దానికి నేను పంతులమ్మను. ట్రైనింగు అయి వచ్చిన కొత్త. పెళ్ళి కాలేదు. తర్వాత కూడా కాలేదు.

ఆ తరగతిని మొదలుపెట్టింది అమెరికా నుంచి వచ్చిన ఒక దొరసాని. ఆమె తెలుగు ముద్దముద్దగా ఉండేది గాని చూపు సూటిగా ఉండేది. ప్రతి బిడ్డా ఎక్కడో ఒకచోట ముందుకు వంగుతుంది, అది ఎక్కడో కనిపెట్టు, బెత్తం పారెయ్యి అని చెప్పింది. నాకు ఆ పని బాగా వచ్చింది. గర్వంగానే చెబుతున్నాను, ఆ గర్వంలోనే ఈ పాపమంతా మొలిచింది. ఒక చెవిటి పిల్లవాడు గుడి గంట కొడుతున్నప్పుడు గంటస్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడతాడని నేనే చూశాను. పలక మీద పేరు రాస్తే గంటతాడు నీదే అని సైగ చేశాను. రాశాడు. ఇంకో పిల్ల పిప్పరమెంటుకు కదిలేది. మరొకత్తె బొమ్మకార్డుకు. అమెరికా వాళ్ళు వాడేసిన క్రిస్మసు కార్డులు పెట్టెల్లో వచ్చేవి. వెనక రాతలు కత్తిరించి బహుమానంగా ఇచ్చేవాళ్ళం.

దీనమ్మ మాత్రం దేనికీ కదలలేదు.

తొమ్మిదేళ్ళుంటాయేమో. తల్లీతండ్రీ లేరు. అమ్మమ్మ మార్తమ్మ మిరప కల్లాల్లో తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. దీనమ్మకు చెవులు బాగానే ఉన్నాయి. గొంతే ముక్కులోంచి, ముద్దగా వచ్చేది. నోరు తెరిస్తే పిల్లలు "ఒరేయ్, గేదె అరిచింది!" అని కేకలు పెట్టేవాళ్ళు. అందుకని ఎప్పుడో మానేసింది. సైగలతో గడిపేది. ఆకలికి ఒక సైగ, నీళ్ళకు ఒకటి, కోపానికి ఒకటి. అందరికీ అర్థమయ్యేవి. సైగతో పనైపోతుంటే నవ్వులపాలయ్యే గొంతును ఎవరు బయటికి తీస్తారు? ఈ ప్రశ్న నాకు అప్పుడు రాలేదు. నేను పిప్పరమెంట్లు ఇచ్చాను. కార్డులు ఇచ్చాను. శుక్రవారం శుక్రవారం ఆ బిడ్డ కోసం ఉపవాసం ఉన్నాను. ఇది అబద్ధం కాదు. ఉన్నాను.

కోతపండుగ దగ్గర పడుతోంది. మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నాయి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఊరంతా కల్లాల వైపు పరిగెత్తింది. పిల్లల్ని లోపలికి పిలుద్దామని వసారా మూల తిరిగాను. మెట్ల మీద దీనమ్మ, పక్కన రూతు.

రూతు పుట్టుగుడ్డి. ఆరేళ్ళ పిల్ల. తండ్రి పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పనిచేసేవాడు. నోరు మూతపడేది కాదు. ఆ రోజు కూడా అడుగుతోంది: "ఏందే అక్కా ఆ గోల? ఏమొస్తంది?"

దీనమ్మ ఆకాశం వైపు వేలు చూపింది. రూతుకు వేలెక్కడ కనపడుతుంది? మళ్ళీ అడిగింది. అప్పుడు విన్నాను.

"మబ్బు," అంది దీనమ్మ. "నల్ల మబ్బు."

"ఎంత పెద్దదే?"

దీనమ్మ రెండు చేతులూ బార్లా చాపింది. చాపి, గుర్తొచ్చినట్టు ఆగి, రూతు చేతులు పట్టుకుని అంత దూరమూ విడదీసింది. అదీ చాలదనుకుందో ఏమో, "కల్లమంత," అంది.

రూతు నవ్వలేదు. "అబ్బో," అంది.

నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ ఏడుపు మంచిదే. దొరసాని చెప్పిన వంపు నాకు దొరికింది. ఆ బిడ్డకు కావలసింది మిఠాయి కాదు, బొమ్మ కాదు, నా మెప్పు కాదు. తను చెప్పకపోతే లోకం తెలియని మనిషి ఒకరు కావాలి. నవ్వని మనిషి కావాలి. అంతే.

మర్నాటి నుంచి రూతును దీనమ్మ ఎదుట కూర్చోబెట్టాను. నేను వెనక కూర్చున్నాను. పత్తికాయ తెచ్చి దీనమ్మ చేతిలో పెట్టేదాన్ని. రూతు అడిగేది, దీనమ్మ చెప్పేది. రోజురోజుకూ మాటలు పెరిగాయి. ఎవరికీ చెప్పలేదు. గట్టిపడ్డాక చెబుదామనుకున్నాను.

కోతపండుగ వచ్చింది. మా సంఘంలో అది క్రిస్మసు కన్నా పెద్దది. బుట్టల్లో పత్తి, గోతాల్లో మిరప, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ బల్ల ముందు పోస్తారు. ఆరాధన అయ్యాక వేలం. గుడి పట్టక బయట పందిరేశారు. నేను దీనమ్మను బల్ల పక్కన నిలబెట్టి, రూతును ముందు వరస చాప మీద కూర్చోబెట్టాను. 'దేవుడు మంచివాడు' అని ఒక్కటే నేర్పాను.

దీనమ్మ రూతును చూసింది. "దేవుడు మంచోడు," అంది. ఆగలేదు. "కోడి ఉంది. కాళ్ళు కట్టారు. మిరపకాయలు ఉన్నై. ఎర్రగా. శానా."

రూతుకు కనపడనిదంతా చెబుతోంది ఆ పిల్ల. సంఘానికి అది వేరేగా వినపడింది. మూగబిడ్డ దేవుడిచ్చిన ఫలాలను ఒక్కొక్కటే లెక్కపెట్టి స్తుతిస్తోందనుకున్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు. "హల్లెలూయా" అని పందిరి అదిరింది. మార్తమ్మ మిరపఘాటు చేతులతో ముఖం కప్పుకుంది.

అయ్యగారు, అంటే మా పాస్టరు, నా వైపు తిరిగారు. "సాక్ష్యం చెప్పమ్మా," అన్నారు.

లేచాను. ఉపవాసం గురించి చెప్పాను. కన్నీటి ప్రార్థన గురించి చెప్పాను. ప్రభువు నాలుక కట్టు విప్పాడని చెప్పాను. కూర్చున్నాను.

రూతు పేరు ఎత్తలేదు.

ఎందుకు? దీన్ని ఎన్నిసార్లు తవ్వానో. మా ఇళ్ళలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. అందులో మనిషి పని చెప్పకూడదు. మందు వేసుకుని జ్వరం తగ్గినా మందు మాట రాకూడదు. మనిషి ఎంత తగ్గితే దేవుడు అంత కనపడతాడని మా నాన్న చెప్పేవాడు. ఆ పద్ధతినే పాటించానని మొదట్లో నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ రూతును దాచినదాన్ని నన్ను నేను దాచుకున్నానా? లేదే. నా ఉపవాసం చెప్పాను, నా కన్నీళ్ళు చెప్పాను. నేను దాచింది ఒక గుడ్డిపిల్లను మాత్రమే. ఒక్క వాక్యం కలిపితే సరిపోయేది. దేవుడు ఈ బిడ్డను ఆ బిడ్డ చేత మాట్లాడించాడు అని. అది మాత్రం మహిమ కాదా? నాకు ఆనాడు అది చిన్నగా కనపడింది. ఇప్పుడు నాకు తెలిసిన అద్భుతం అదొక్కటే.

తర్వాత జనం రావడం మొదలైంది. చిలకలూరిపేట నుంచి, చీరాల నుంచి, బిడ్డల్ని చంకనేసుకుని తల్లులు వచ్చేవాళ్ళు. నా చెయ్యి తీసుకుని బిడ్డ నెత్తిన పెట్టుకునేవాళ్ళు. అయ్యగారు వసారాలో ఉపవాస కూటాలు పెట్టారు. పలకలు మూలన పడ్డాయి. తరగతికి చందాలు కూడా వచ్చాయి. ఇక నిజం చెబితే ఏమవుతుంది? పంతులమ్మ అబద్ధం ఆడిందంటారు. తరగతి మూసేస్తారు. నా పిల్లలు మళ్ళీ మంచంకోళ్ళకు కట్టేసి పడి ఉంటారు. ఈ సాకు నిజం కూడా. నిజమైన సాకు కన్నా గట్టి తలుపు లేదు. లోపలి నుంచి నేనే గడియ పెట్టుకున్నాను.

రూతు నోరు ఊరుకుంటుందా? ఒకరోజు బావి దగ్గర పెద్దల భార్యలు ఉండగా అంది: "దీనక్క నాతో ఎప్పుడో మాట్లాడింది. మబ్బు పట్టిన రోజునే మాట్లాడింది." వాళ్ళు నవ్వి, "పోవే వాగుడుకాయా," అన్నారు. నాకు చెమటలు పట్టాయి.

అప్పుడే దొరసాని, దూరాన ఏదో గుడ్డిపిల్లల బడిలో ఒక చోటు ఉందని చెప్పింది. వేళ్ళతో తడిమి చదవడం నేర్పుతారట. రూతు తండ్రి ఒప్పుకోలేదు. తల్లి లేని పిల్ల, కళ్ళెదుట ఉండాలన్నాడు. నేను వాళ్ళ గుడిసెకు వెళ్ళి, మళ్ళీ వెళ్ళి, వాక్యం చెప్పి, భవిష్యత్తు చెప్పి ఒప్పించాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ బిడ్డకు మేలు చేశానా? చేశాను. ఎవరికోసం చేశాను? ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా బావి దగ్గర పట్టిన చెమట మళ్ళీ పడుతుంది.

రూతు వెళ్ళే రోజు చీరాల బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. దీనమ్మ రూతు చెయ్యి పట్టుకుని దూరం చూస్తోంది. "దుమ్ము," అంది. కాసేపటికి "దుమ్ము ఎక్కువ," అంది. తర్వాత "బస్సు," అంది.

ఆ బిడ్డ నోట ఈ లోకం విన్న చివరి మాట అదే.

బస్సు కదిలాక కూడా రోడ్డు మీదే కూర్చుంది. నేను చెయ్యి పట్టి లేపితే లేచింది. మాట్లాడించాను. సైగ చేసింది, ఇంటికి అని. ఏడాది తిరిగి కోతపండుగ వచ్చింది. పొరుగూళ్ళ నుంచి బళ్ళు కట్టుకొచ్చారు ఆ గొంతు వినడానికి. దీనమ్మ బల్ల పక్కన నిలబడి చాప మీద ఖాళీగా ఉన్న చోటు చూసింది. నోరు తెరవలేదు. ఎంతమంది పాడినా, ఎంతమంది ఏడ్చినా.

గుసగుసలు మొదలయ్యాయి. దేవుడిచ్చిన వరం ఊరికే పోదు. ఇంట్లో ఏదో ఉండి ఉంటుంది. మార్తమ్మ బాప్తిస్మం తీసుకుని ఎంతో కాలం కాలేదు, పాత మొక్కులు మానలేదేమో. గడపకు పసుపు చూశామని ఒకరన్నారు. సంఘ పెద్దలు కూర్చున్నారు. ఆ దోషమేదో ఒప్పుకునేదాకా మార్తమ్మను ప్రభువు బల్ల నుంచి ఆపారు. మీకు ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. మా వాళ్ళకు కాదు. ఊళ్ళో ఎక్కడా సమానంగా కూర్చోబెట్టని మనిషిని కూర్చోబెట్టే బల్ల అదొక్కటే.

ఆ వారమే, పొద్దు వాలుతుండగా మార్తమ్మ నా దగ్గరికి వచ్చింది. కల్లం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరంతా మిరపదుమ్ము. నాకు తుమ్ము వచ్చింది. ఆమె దూరంగా జరిగి అరుగు చివర కూర్చుంది.

"పంతులమ్మగారూ, ఉపాసం ఉండి బిడ్డకు మాట తెప్పించినోళ్ళు మీరు. ఎందుకు పోయిందో మీకు తెలవకుండా ఉంటుందా?"

"నాకేం తెలుసు మార్తమ్మా."

"నా ఇంట్లో పాపం ఉందంటన్నారండీ పెద్దలు. పొయ్యికాడ నుంచి చూరు దాకా ఎతికాను. ఎలక దొరికింది గాని పాపం దొరకలా." తనే నవ్వింది.

"ప్రార్థన చేసుకో. ఆయనే చూపిస్తాడు."

"చూపిచ్చాడమ్మా ఒకటి." గొంతు తగ్గించింది. "దీనికి అమ్మోరు పోసినప్పుడు... ఒళ్ళంతా కాలిపోతంది, కళ్ళు తెరవటం లేదు. ఎవురూ చూడకుండా యాపమండ తీసుకెళ్ళి పోలేరమ్మ రాయి మీద చెంబుడు నీళ్ళు పోసొచ్చా. భయమేసి పోశానండి. ఎవురికీ చెప్పలా. అదేనంటారా?"

ఇక్కడ ఆగాను నేను. ఈ కాగితం మీదా ఇక్కడే ఆగుతున్నాను. కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? కాదు మార్తమ్మా, రూతు వెళ్ళిపోయింది, అందుకని పోయింది. నోటి చివరి దాకా వచ్చింది. గుడి వైపు నుంచి కూటం పాట వినపడుతోంది. వసారాలో ఎవరో కొత్త తల్లి బిడ్డను ఆడిస్తోంది.

"అయ్యుండొచ్చు," అన్నాను.

కాదు అనే మాట మింగేశాను. నేను పలికింది ఇదొక్కటే.

"అయితే అందరి ముందూ చెప్పేస్తానమ్మా. నా మొకం పోతే పోనీ. దాని నోరొస్తే సాలు." లేచి నాకు దండం పెట్టింది. నాకు.

ఆదివారం లేచి నిలబడింది. వేపమండా, చెంబూ, పోలేరమ్మ రాయీ, అన్నీ చెప్పింది. చెప్పి దీనమ్మను దగ్గరికి లాక్కుని, ఆ పిల్ల నోటి వైపు చూస్తూ నిలబడింది. సంఘమంతా చూసింది. నేనూ చూశాను. ఏం జరగదో నాకొక్కదానికే తెలుసు.

ఎంతకీ మాట రాకపోయేసరికి వెనక నుంచి ఎవరో, "ఇంకా ఏదో దాస్తంది," అన్నారు.

అవును, దాస్తున్నది ఉంది. మూడో వరసలో కూర్చుని ఉంది, తెల్లచీర కట్టుకుని.

మార్తమ్మను మళ్ళీ బల్ల దగ్గరికి రానివ్వలేదు. రెండు పంటలు గడిచాయి. పత్తితీతల కాలంలో మంచం పట్టింది. ఆఖర్న ప్రభువు బల్ల రొట్టె అడిగింది. అయ్యగారు చిలకలూరిపేటలో ఏదో సభకు వెళ్ళారు. పెద్దలు, ఆయన వచ్చాక చూద్దామన్నారు. నేను మంచం పక్కనే ఉండి నీళ్ళు తాగించాను. అయ్యగారు వచ్చేసరికి అయిపోయింది. అప్పుడు కూడా చెప్పలేదు. చచ్చిపోయిన మనిషికి చెప్పి లాభమేమిటని అనుకున్నాను. బతికున్నప్పుడు చెబితే నష్టమని అనుకున్నట్టే.

పొలం అమ్మి, డబ్బులో కొంత దాచుకుని, అంతా తెచ్చామని చెప్పిన దంపతుల సంగతి వాక్యంలో ఉంది. ఏటా పిల్లలకు చెబుతాను. వాళ్ళు అక్కడికక్కడే పడి చచ్చిపోయారు. నన్ను మాత్రం ఎందుకు నిలబెట్టి ఉంచాడో. ఇదే శిక్షేమో, బతికి పిల్లలకు ఆ కథ చెబుతూ ఉండటం.

రూతు మళ్ళీ ఇటు రాలేదు. తండ్రి పని వెతుక్కుంటూ ఒంగోలు వైపు వెళ్ళిపోయాడు. దొరసాని తన దేశం వెళ్ళిపోయింది. తరగతి కొన్నాళ్ళకు మూతపడింది. దాన్ని కాపాడటానికే నోరు మూసుకున్నానని అనుకున్నాను కదా, అదీ నిలవలేదు. మిగిలింది నేను చెప్పిన సాక్ష్యమే. కొత్తగా వచ్చిన అయ్యగారు కుర్రవాడు. ఈ కోతపండుగకు ఆ అద్భుతాన్ని నా నోటితో మళ్ళీ చెప్పమని అడుగుతున్నాడు. మా సంఘంలో విశ్వాసం చల్లారిందట.

దీనమ్మ ఇప్పుడు పెద్దదైంది. అమ్మమ్మ కూర్చున్న కల్లాల్లోనే కూర్చుని తొడిమలు తీస్తుంది. మొన్న వెళ్ళాను. పక్కన కూలబడ్డాను. ఎప్పుడో చేయవలసిన పని ఇప్పుడు చేశాను. కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి చాపి, "దీనా, ఏం కనపడుతోందమ్మా?" అని అడిగాను. రూతు అడిగినట్టు.

చాలాసేపు తొడిమలు విరుగుతున్న చప్పుడే వినపడింది. తర్వాత అది ఆగింది. నా ముఖం మీద ఒక చెయ్యి పడింది. ఆమె వేలు నా కంటిరెప్పను మెల్లగా పైకెత్తింది.

కోపంగా కాదు. నీకు కనపడుతుంది కదా అన్నట్టు.

మిరపచేతుల మంట మీకు తెలుసో లేదో. కన్ను మాడిపోయింది. ఆమె కంగారుపడి చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది. ఆ నీళ్ళు పోస్తుంటే మార్తమ్మ పోలేరమ్మ రాయి మీద పోసిన చెంబు గుర్తొచ్చి కల్లంలో అందరి ముందూ ఏడ్చాను. కూలీలు, "మంట తగ్గుద్ది లేండి పంతులమ్మగారూ," అన్నారు.

తగ్గలేదు. ఇంటికొచ్చి, ఒక కన్ను మూసుకునే ఇది రాయడం మొదలుపెట్టాను.

దీనమ్మ మాట్లాడింది రూతుతో. ఆ మాట పోయింది నా వల్ల. మార్తమ్మ ఏ పాపమూ దాచలేదు. నాకు తెలిసి ఊరుకున్నాను.

ఇంతే. నాలుగు వాక్యాలు. ఇవి అయ్యగారికి చెప్పగలనో లేదో, పందిరి కింద లేచి నిలబడగలనో లేదో నాకు తెలియదు. మీతో చెప్పాను. గొంతులో గింజ ఉన్నచోట ఇప్పుడు పచ్చిపుండు ఉంది. పుండైనా నయం, గాలి తగులుతోంది.

చదివిన వారు కాసేపు నాతో మోకరించండి. నా క్షమాపణ కోసం వద్దు. అది అడగవలసిన మనిషి మట్టిలో ఉంది. దీనమ్మకు ఎవరైనా దొరకాలని అడుగుదాం. ఆమె చెప్పకపోతే ఏమీ తెలియని మనిషి ఒకరు, కల్లంలో ఆ పక్కన వచ్చి కూర్చోవాలని. తండ్రీ, ఎవర్నైనా పంపు. ఈసారి నేను అడ్డం రాను.